టైరుకు సరిపడా వేడే బలం
• ఉడుకు తగ్గినా, మించినా ముప్పే
• రీట్రేడింగ్‌లో తొందరపాటు తగదు

ఝరాసంగం: చెరకు కోతలు మొదలైతే జహీరాబాద్‌ ప్రాంత రహదారులపై ట్రాక్టర్లు, లారీలు బారులు తీరుతాయి. అంత బరువునూ మోసేవి టైర్లే. కొత్తవి కొనే స్తోమత లేక అరిగిన టైర్లకు రీట్రేడింగ్‌ చేయించుకునే రైతులు ఎందరో. అలా వేయించిన పొర నెల తిరగకుండానే ఊడివస్తే రబ్బరును, రోడ్డును నిందించడం పరిపాటి. పలు సందర్భాల్లో అసలు లోపం దానిని ఉడికించిన వేడిలోనే ఉంటుంది.

రబ్బరులో లోహం
టైరును వట్టి రబ్బరు అనుకోవడం పొరపాటు. వంద పాళ్ల రబ్బరుకు సుమారు 5 పాళ్ల జింక్‌ ఆక్సైడ్‌, రెండు మూడు పాళ్ల గంధకం కలుపుతారు. రిమ్మును పట్టి ఉంచే అంచులో ఉక్కు తీగల కట్ట ఉంటుంది. లారీల రేడియల్‌ టైర్లలో ఇత్తడి పూత పూసిన ఉక్కు తీగల పట్టీలు అదనం. జిల్లాలోని సదాశివపేటలో టైర్ల కర్మాగారం, జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం ఉన్నా ఈ సంగతి చాలామంది వాహనదారులకు తెలియదు.

పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి బిరుసుగా మారుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే ఈ దోషం పోతుందని అమెరికాకు చెందిన చార్లెస్‌ గుడ్‌ఇయర్‌ 1839లో కనుగొన్నారు. 1844లో పేటెంట్‌ పొందారు. వేడికి గంధకం పొడవాటి రబ్బరు అణువుల నడుమ వంతెనలు కడుతుంది. జింక్‌ ఆ పనిని వేగిరపరుస్తుంది. ఇత్తడిలోని రాగి సైతం గంధకంతో కలిసి తీగను, రబ్బరును ఒకటిగా బంధిస్తుంది. అప్పుడే సాగిన రబ్బరు తిరిగి యథాస్థితికి వస్తుంది.

పది డిగ్రీలతో సగం సమయం
వేడి 10 డిగ్రీలు పెరిగితే ఉడికే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. 150 డిగ్రీల వద్ద అరగంట పట్టేది 160 వద్ద పావుగంటలో ముగుస్తుంది. సీజన్‌లో గిరాకీ పెరిగినప్పుడు మంట పెంచాలన్న ఆశ పుట్టేది ఇక్కడే. అయితే రబ్బరు వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు. పైపొర మాడే వేళకు అడుగుపొర ఇంకా పచ్చిగానే ఉంటుంది. వంటింట్లో పెద్ద మంటపై కాల్చిన మందపాటి జొన్నరొట్టె గతే దానికీ పడుతుంది.

ఉడుకు చాలని రబ్బరు మెత్తగా ఉండి త్వరగా అరుగుతుంది, పొర విడిపోతుంది. మితిమీరి ఉడికితే సహజ రబ్బరులోని గంధకపు వంతెనలు తెగి, చిరుగును తట్టుకునే శక్తి తగ్గుతుంది.

టైరు తీసుకునే ముందు గోటితో నొక్కి చూడాలి. గాటు అలాగే నిలిచినా, జిగురుగా తగిలినా ఉడుకు చాలలేదని అనుమానించాలి. అంచు తీగలు బయటపడి తుప్పు పట్టిన టైరుకు రీట్రేడింగ్‌ చేయించడం డబ్బు దండగే కాదు, ప్రమాదకరం కూడా. గాలి తక్కువగా ఉన్న టైరు బరువుకు అతిగా నలిగి దానంతట అదే వేడెక్కుతుంది. కనుక లోడు ఎత్తే ముందే గాలి చూసుకోవాలి.