పొగ లేని వంటింటి బాకీ

గ్యాస్ పొయ్యి తిప్పి లైటర్ నొక్కితే మంట వస్తుంది. రానినాడే దాని గురించి ఆలోచిస్తాం. ఒకటి రెండు తరాల వెనక మన పల్లెల్లో కాసిన్ని నీళ్లు కాగాలన్నా ఇంట్లో ఎండు కట్టెలుండాలి. కందికంప, పత్తికట్టె, పిడకలు వేసవిలోనే పోగేసి వానకు తడవకుండా దాచుకోవాలి. పొయ్యి రాజేసి, ఊదుగొట్టంతో ఊది, మండే కళ్లు తుడుచుకుంటూ వండాలి. ఆ తర్వాత మసి పట్టిన గిన్నెల్ని బూడిదతో తోమాలి. ఈ చాకిరీ దాదాపు అంతా ఆడవాళ్లదే. వాళ్ల కొంగు పట్టుకు తిరిగిన పసిపిల్లలూ అదే పొగ పీల్చారు. వంటచెరకు పొగ లాంటి ఇంటిలోపలి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే గ్యాస్ పొయ్యిని సుఖం కోసం కొనుక్కున్న వస్తువుల జాబితాలో వేయలేం. దానికి కృతజ్ఞత అంటే దణ్ణం పెట్టి ఊరుకుంటే తీరేది కాదు, ఎవరికి ఎంత బాకీ పడ్డామో లెక్క తెలియాలి.

ఆ లెక్క మన వంటింటికి చాలా దూరంలో మొదలవుతుంది. దేశంలో వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా విదేశాల నుంచి, ముఖ్యంగా గల్ఫ్ నుంచి, ఓడల్లో వస్తుంది. విశాఖపట్నంలో సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల దిగువన రాతిని తొలిచి కట్టిన గుహలో 60 వేల టన్నులు నిల్వ చేయొచ్చు. మన ఇంటికొచ్చే 14.2 కిలోల బండల్లో చెప్పుకుంటే సుమారు 42 లక్షల బండలు. చుట్టూ రాతి పగుళ్లలో నిండిన నీటి ఒత్తిడే ఆ గ్యాస్‌ను బయటికి పోనీయకుండా బంధిస్తుంది. గ్యాస్‌కు సొంతంగా చెప్పుకోదగ్గ వాసన ఉండదు. లీకైతే పసిగట్టేందుకు ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. మనం ముక్కు మూసుకునే ఆ కంపు మన ప్రాణాలు కాపాడాలని కోరి పెట్టింది. ఆపైన ప్లాంట్లు, లారీలు, గోడౌన్లు దాటి, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా తూగే బండ లిఫ్టు లేని మేడలకు ఒక మనిషి భుజం మీదే ఎక్కుతుంది. ఇంత పెద్ద గొలుసులో మన గడప దాకా వచ్చేది అతనొక్కడే. అతని పేరైనా చాలామందికి తెలియదు.

డబ్బు కడుతున్నాం కదా, ఇంకా ఈ కృతజ్ఞతలు దేనికి అని అడగొచ్చు. డబ్బొక్కటే చాలితే, 1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షన్ ఇచ్చిన కొద్దికాలానికే మన పల్లెల్లో మోతుబరుల వంటిళ్లలోనైనా పొగ ఆగిపోవాల్సింది. చేతిలో సొమ్మున్నా దగ్గర్లో ఏజెన్సీ లేక, ఉన్నచోట కనెక్షన్ కోసం ఏళ్లపాటు ఎదురుచూస్తూ, ఎన్నో కుటుంబాలు కట్టెలతోనే నెట్టుకొచ్చాయి. ఇక పేద ఇళ్లకు గ్యాస్ పెద్ద ఎత్తున చేరింది ప్రభుత్వ పథకాల వల్లే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం మొదలైంది, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్వల వచ్చింది. నలుగురి పన్నుల సొమ్ముతో నడిచిన ఈ పని మన బిల్లులో కనిపించదు.

ఉన్నదానికి సంతోషించమంటే ధరల మీద నోరు మూసుకోమనేనా అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. నా ఉద్దేశంలో సంగతి తలకిందులు. బండ విలువ తెలిసినవాళ్లకే అది లేని ఇంటి నష్టం అర్థమవుతుంది. ఉజ్వల కుటుంబాలు 2023-24లో సగటున నాలుగు బండలైనా నింపించుకోలేదు. ఏడాదికి నాలుగు బండలతో సరిపెట్టుకునే ఇంట్లో మిగతా వంట దేనిమీద అవుతోందో వేరే చెప్పాలా? సబ్సిడీ మాటెత్తగానే ఉచితాలంటూ ఈసడించేవాళ్లు సాధారణంగా పొగ ఎరగని ఇళ్లవాళ్లే.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే వాదన అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ది. 1983లో వచ్చిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’లో ఆమె చూపించింది ఇది: ఇంటి యంత్రాలు కట్టెలు కొట్టడం లాంటి మగవాళ్ల పనుల్ని తప్పించాయి, గృహిణి పనిగంటల్ని మాత్రం పెద్దగా తగ్గించలేదు. పని తేలికయ్యేకొద్దీ ఆమె నుంచి ఆశించేది పెరిగింది. మన దగ్గరా గొడ్డలి మూలన పడింది, గరిటె చేతులు మారలేదు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చేయి పెట్టిన మగవాళ్లే నూటికి 26 మంది. గ్యాస్ వల్ల పొగ పోయింది, చాకిరీ పంపకం మారలేదు. కాబట్టి కృతజ్ఞత మాట ఎత్తే మగవాళ్లు ముందు రోజుకో పూట వంట తమ చేతికి తీసుకోవాలి. ఊదుగొట్టం అవసరం లేని ఈ రోజుల్లో పొయ్యి వెలిగించడం రాదనడానికి ఏ సాకూ లేదు.