పండక్కి ఊరొచ్చిన కబుర్లు

డిసెంబరు వచ్చిందంటే చాలు, పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఇళ్లమీద నక్షత్రాలు వెలుగుతాయి. వాటి కింద కబుర్లు మొదలవుతాయి. బెంగళూరు, హైదరాబాద్ పనులకు పోయిన వాళ్లలో చాలామంది ఇల్లు చేరేది ఈ పండక్కే. కొత్త జిల్లా, వెలిగొండ నీళ్లు, సినిమాలు, కోడిగుడ్డు ధర... అన్నిటిమీదా తలో మాట. ఆ మాటల వెనక మాత్రం ఒకటే లెక్క!

వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి కట్టే నక్షత్రాలు ఇప్పుడు తగ్గిపోయాయి. బజారులో మడతపెట్టి అమ్మే స్టార్లే ఎక్కువ. అయినా మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల కొన్ని వీధుల్లో కుర్రాళ్లు ఇంకా పట్టుబట్టి చేత్తోనే కడతారు. ఎవరి వీధి నక్షత్రం ఎత్తులో ఉందన్నది వాళ్లకు పరువు సమస్య మరి. అది కట్టేది నలుగురైతే, పక్కన కూర్చుని ‘కొంచెం ఎడమకు... ఇంకొంచెం పైకి’ అని చెప్పేవాళ్లు పదిమంది. ఆ పదిమందే పండగ వారానికి అసలైన వార్తా విశ్లేషకులు.

వాళ్లలో సగంమంది మొన్నటిదాకా ఊళ్లో లేరు. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా పోయే రైలు మార్గంలో మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు స్టేషన్లున్నాయి. బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఈ దారినే వెళ్తుంది. సెంట్రింగు, తాపీ, ఇటుకల మోత, అపార్టుమెంట్ల కాపలా... ఇలా పనులు వెతుక్కుంటూ పోయిన కుటుంబాలకు అది సొంతూరి బస్సులాంటిది. పోవడానికి కారణాలు ఎవరినడిగినా చెబుతారు. వానలు నమ్మకం లేదు. వందల అడుగులు బోరు దించినా నీటి చుక్క పడకపోవచ్చు. పడ్డ నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు. ఒకప్పుడు దేశమంతా బడిపిల్లలు మార్కాపురం పలకమీదే అక్షరాలు దిద్దారు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. రాతి పలకలు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అప్పట్లా ఇంటింటికీ పని దొరకడం లేదు.

అందుకే ‘ఎప్పుడొచ్చావ్ అబ్బాయ్’ తర్వాత రెండో ప్రశ్న ‘ఆడ కూలి ఎంతిస్తుండారు?’ అనే!

జిల్లా అయితే వచ్చింది, మరి...

2025 క్రిస్మస్‌కు మాత్రం ఆ రెండో ప్రశ్న కాస్త వెనక్కి జరిగింది. ఆ నవంబరు చివర్లో మార్కాపురం జిల్లాకు ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. డిసెంబరంతా అభ్యంతరాలు, సూచనల కాలం. నెలాఖరుకల్లా జిల్లా ఖాయమైంది. మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాల వాళ్లకు ఇది చాలా పాత కోరిక. 2022 ఏప్రిల్లో రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 చేసినప్పుడు తమ పేరు లేదని ఇక్కడివాళ్లు నొచ్చుకున్నారు.

అసలీ ప్రాంతం ప్రకాశం జిల్లాలో కలిసిందే 1970లో. అంతకుముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటొచ్చాయి. 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కలెక్టరు ఆఫీసులో పని పడితే గిద్దలూరు మనిషి దాదాపు 150 కిలోమీటర్లు పోవాలి. ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, సారు సెలవులో ఉంటే మర్నాడు మళ్లీ అదే తంతు. ఇప్పుడా దూరం సగానికి పైగా తగ్గినట్టే.

మరి సంతోషమేనా? పెద్దవాళ్లు సంతోషమే అంటారు. పడుచువాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ‘ఆఫీసులొస్తే స్థలాల రేట్లు పెరుగుతాయి మామా, మనకేం పెరుగుద్ది?’ అన్నది వాళ్ల వాదన. ఆఫీసులొస్తే హోటళ్లొస్తాయి, ఆస్పత్రి పెద్దదవుతుంది, తాపీ పని ఇక్కడే దొరుకుతుందని ఇంకొకరు సర్దిచెబుతారు. ఆ చివరి మాట దగ్గర మాత్రం అందరూ ఒక్క క్షణం ఆగుతారు. తాపీ పని ఇక్కడే దొరికితే బెంగళూరెందుకు?

జిల్లా మాట వెలిగొండ దగ్గరికి రాకుండా ముగియదు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నీటిని నల్లమల కొండ కింద రెండు సొరంగాల్లో ఇవతలికి తేవాలి. ఒక్కో సొరంగం పొడవు సుమారు 18.8 కిలోమీటర్లు. 2024 మార్చిలో అప్పటి ప్రభుత్వం సొరంగాలను జాతికి అంకితం చేసింది. అయినా 2025 క్రిస్మస్ నాటికి పొలాలకు నీళ్లు రాలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లకు ఇప్పుడు బడికెళ్లే పిల్లలున్నారు. ఈ విషయంలో ఏ పార్టీవాళ్లయినా గొంతు తగ్గించే మాట్లాడాలి, ఎందుకంటే ఈ ముప్ఫయ్యేళ్లలో అందరికీ వంతు వచ్చింది.

డిసెంబరంతా ‘సెమీ క్రిస్మస్’ సభలే. నాయకులొచ్చి కేకు కోస్తారు, నాలుగు మాటలు చెబుతారు. 31 రాత్రి ఆరాధనలో విశ్వాసులు తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు, రాబోయే ఏడాదికి బైబిలు నుంచి ఒక వచనం. రెంటినీ కలిపి చమత్కారం ఆడే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరుంటారు. ఏ వాగ్దానం నిలబడుతుందో తమకు తెలుసంటారు వాళ్లు!

బాలయ్య ఆగాడు... కేకు ఆగలేదు

సినిమా దగ్గరికొచ్చేసరికి గొంతులు లేస్తాయి. 2025 డిసెంబరు 5న రావాల్సిన ‘అఖండ 2’ ఆఖరి నిమిషంలో వాయిదా పడి 12న వచ్చింది. బాలకృష్ణ అభిమానులకు ఆ వారం ఒక యుగం. పండగనాడు ‘ఛాంపియన్’, ‘శంబాల’, కుల వివక్ష కథతో ‘దండోరా’ వచ్చాయి. ప్రభాస్, చిరంజీవి సినిమాలు సంక్రాంతికి ఉండనే ఉన్నాయి. సమస్యల్లా ఒక్కటే. క్రిస్మస్‌కొచ్చి జనవరి మొదట్లో పనికి పోయేవాడికి సంక్రాంతి సినిమా ఊళ్లో చూసే యోగం లేదు. ఇక్కడి స్నేహితులు ఇక్కడ, వాడు అక్కడ!

పెద్దవాళ్లకు పండగ సినిమా అంటే ఇప్పటికీ ‘కరుణామయుడు’. 1978లో వచ్చిన ఆ సినిమాను ప్రొజెక్టరు తెచ్చి, తెల్లటి తెర కట్టి, ఊరి మధ్యలో వేసేవారు. మతంతో పనిలేకుండా ఊరంతా చాపలు తెచ్చుకుని చూసింది. అందులో క్రీస్తుగా కనిపించిన విజయచందరే 1983లో ‘ఆంధ్రకేసరి’ తీసి, ప్రకాశం పంతులుగా నటించారు. జిల్లాకు పేరిచ్చిన మనిషి పాత్ర, పండక్కి పేరైన దేవుడి పాత్ర ఒకే నటుడికి దక్కాయని చెబితే కుర్రాళ్లు ఫోనులో వెతికిగానీ నమ్మరు.

ధరల సంగతి పొడిగించనక్కర్లేదు. చలి పెరిగితే గుడ్డు ధర పెరుగుతుంది, పండగొస్తే కోడి ధర పెరుగుతుంది. మటన్ మాట తలపెట్టిన ఇల్లాలు ముందు చీటీ డబ్బులు లెక్కేసుకుంటుంది. అయినా బిర్యానీ గిన్నె దించాక మొదటి పళ్లెం పక్కింటికి పోవాల్సిందే. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. సంక్రాంతికి అరిసెలతో వస్తుంది.

కరవు వేసిన దారి

ఈ పండగ ఇక్కడ ఇంతగా వేళ్లూనుకోవడం వెనకా కరవే ఉంది. 1876-78 నాటి మహా కరవులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించారు. అప్పుడు కాలువకు నడిచి పోయినవాళ్లలో ఎక్కువమంది అంటరానివారని ఊరు బయటికి నెట్టిన కుటుంబాలే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ గుండ్లకమ్మ పుట్టింది ఈ నల్లమలలోనే, కంభం చెరువును నింపేదీ అదే. తర్వాత కంభం, మార్కాపురాల్లోనూ బాప్టిస్టు మిషన్ కేంద్రాలు వెలిశాయి. గిద్దలూరు వైపు ఆంగ్లికన్లు పనిచేశారు. నీళ్లలో మునిగే బాప్తిస్మం ఒకచోట, పుస్తకం చూసి చేసే ప్రార్థనలు ఇంకోచోట. కేరల్స్‌కు తిరిగే కుర్రాళ్లకు మాత్రం ఆ తేడా తెలియదు, టీ ఇచ్చిన ఇల్లే మంచిల్లు.

అంటే, కూలికోసం ఊరు దాటడం ఇక్కడి క్రిస్మస్ కంటే పాతది. ప్రపంచంలో ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. ఐర్లాండ్‌నే చూడండి. 1845లో మొదలైన బంగాళాదుంపల కరవులో దాదాపు పది లక్షలమంది చనిపోయారు. మరో పది లక్షలమంది ఓడలెక్కారు. ఆ తర్వాత కూడా తరతరాలుగా పిల్లలు ఇంగ్లండ్‌కు, అమెరికాకు పోతూనే వచ్చారు. ఇవాళ్టికీ క్రిస్మస్ ముందురోజుల్లో డబ్లిన్ విమానాశ్రయంలో ఇంటికొచ్చేవాళ్ల కోసం అమ్మానాన్నలు కాచుకుని ఉంటారు. మన గిద్దలూరు స్టేషన్లో ఆటో మాట్లాడిపెట్టుకుని నిలబడే నాన్నకు, అక్కడ పూలగుత్తి పట్టుకుని నిలబడే నాన్నకు భాష ఒకటే తేడా!

పండగ అయ్యాక 27, 28 తేదీల్లో కబుర్ల ధాటి తగ్గుతుంది. అప్పుడు మొదలవుతుంది ఇళ్లలో అసలు చర్చ. పిల్లలను వెంట తీసుకెళ్లాలా? నాయనమ్మ దగ్గరే ఉంచాలా? తీసుకెళితే అక్కడ తెలుగు బడి ఉండదు, కట్టే బిల్డింగు పూర్తయితే ఇంకో చోటికి మకాం మారాలి. ఉంచితే ముసలామె మోకాళ్లు సహకరించవు, ఫోనులో తప్ప అమ్మ మొహం కనపడదు. జిల్లా, వెలిగొండ, తాపీ పని... వారంరోజులుగా వీధిలో తేలిగ్గా వాదించుకున్నవన్నీ ఇక్కడికొచ్చి బరువెక్కుతాయి. ఇక్కడ రెండేళ్లలో పని దొరుకుతుందని నమ్మితే పిల్లను ఊరి బళ్లోనే ఉంచొచ్చు. నమ్మకపోతే టీసీ అడగాలి.

‘ఈ ఒక్క ఏడాదికి ఉండనీయండయ్యా’ అంటుంది నాయనమ్మ. కొడుకు మాట్లాడడు. కోడలు సంచి సర్దుతూ కందిపప్పు, అరిసెల డబ్బా లోపల పెడుతుంది. పిల్ల బట్టలు మాత్రం ఇంకా మంచంమీదే ఉంటాయి.