కూలి మనిషి కాలికి ఎవరు కట్టాలి ఖరీదు?

ఊడ్పుల కాలంలో గుడివాడ చుట్టుపక్కల, దివిసీమలో తెల్లారేసరికి ట్రాక్టర్ ట్రక్కుల్లో నిలబడి పోయే ఆడకూలీల్ని చూస్తాం. ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లే. బస్సు పొలం దాకా రాదు. ఆసామి పంపిన బండి ఎక్కకపోతే ఆ పూట కూలి లేదు. ఆ ట్రక్కు కాలవలోకి బోల్తాపడితే గాయాలకి పరిహారం ఎవరివ్వాలి? బీమా కంపెనీయే కదా అనుకుంటాం. చట్టం అలా అనటం లేదు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సరుకు బండిలో మనుషులెక్కినా అది వర్తిస్తుందని 1999 చివర్లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002 డిసెంబరులో, ఆశారాణి కేసులో, అదే కోర్టు ఆ తీర్పుని పక్కన పెట్టింది. 1994 సవరణ తర్వాత కూడా సరుకు యజమానికీ, అతని ప్రతినిధికీ తప్ప 'ఉచిత ప్రయాణికులకి' కంపెనీ బాధ్యత లేదని 2004లో బల్జీత్ కౌర్ కేసులో తేల్చింది. చాకిరీకి తోలుకుపోయే బండెక్కటం ఉచిత ప్రయాణమట!

బండి యజమాని దగ్గరే పనిచేస్తున్నామని రుజువు చేస్తే కార్మిక నష్టపరిహారం కింద దారి ఉంది. కానీ ట్రాక్టరు కిరాయిది, పిలిచింది మేస్త్రి, హాజరు పుస్తకం లేదు. ట్రాలీ ఎక్కి గాయపడ్డ ఒక మట్టికూలీ కేసులో 2007లో సుప్రీంకోర్టు కంపెనీకి బాధ్యత లేదంటూనే, పేదవాడు గనక ముందు చెల్లించి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమంది. అది కోర్టు దయ, మన హక్కు కాదు. ఆ దయ దొరక్కపోతే డిక్రీ అమలుకి ఓనరు మీదే పిటిషను వెయ్యాలి. ఆ ఓనరు ఊళ్లో ఆసామే అయితే, రేపు ఎవరి చేలో దిగాలో ఆయన మీద. పల్లెలో ఎంతమందికి ఆ ధైర్యముంటుంది?

ఇక లెక్క. నెలకి 8,000 సంపాదించే 35 ఏళ్ల మనిషికి ఏడాది ఆదాయం 96,000. గుణకం 16. మొత్తం 15,36,000. డాక్టరు 30 శాతం వైకల్యం రాస్తే కంపెనీ లాయరు 4,60,800 చాలంటాడు. 2010లో రాజ్‌కుమార్ కేసు తీర్పు చెప్పిందేమంటే, చూడాల్సింది సర్టిఫికెట్టు మీద శాతం కాదు, ఆ పని మళ్లీ చెయ్యగలరా అనేది. కాలు వంగని గుమాస్తా కుర్చీలో కూర్చోగలడు. కాలు వంగని మనిషి మినుము పీకలేదు. ఈ మాట వాదనలో లేవనెత్తకపోతే జడ్జి దానంతట అది గుర్తించాలని లేదు.

థర్డ్ పార్టీ పాలసీల్లో నష్టమొస్తోందని కంపెనీలంటాయి. వాణిజ్య వాహనాల క్లెయిముల్ని 2007 నుంచి 2012 దాకా ఉమ్మడి పూల్‌లో పంచుకున్న మాట నిజం. అయితే ఆ నష్టాన్ని ప్రీమియంలో తేల్చుకోవాలి గాని కూలీ కాలు విలువలో కాదు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణలు చూడండి. 1994లో ఎత్తేసిన ఆరు నెలల గడువు మళ్లీ చట్టంలోకొచ్చింది. 164వ సెక్షను కింద తప్పెవరిదో తేల్చకుండానే తీవ్రగాయానికి రెండున్నర లక్షలు. కంపెనీ అధికారి ఆ మొత్తంతో రాజీకొస్తే, పుచ్చుకున్నవాళ్ల క్లెయిము పిటిషను అక్కడితో రద్దవుతుంది. అందుకే సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని లాయరుకి చూపించాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా నివాసమున్నచోటి ట్రిబ్యునల్లోనే వెయ్యొచ్చు, కృష్ణా జిల్లా వాళ్లకి బందరు జిల్లా కోర్టుంది.