ఐరన్ ఎటు పోతోంది?

‘‘మావాడికి రక్తం తక్కువండీ, బలానికి ఏదన్నా రాయండి.’’ భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా పిల్లల డాక్టర్లు రోజూ వినే మాట ఇది. ఐరన్ సిరప్ రాస్తారు, సీసా ఇంటికి వస్తుంది, సగం అయ్యేసరికి అటకెక్కుతుంది. సిరప్ అవసరమే. కానీ ఐరన్ తగ్గడం అనేది ఒక లక్షణం. దాని వెనక జబ్బో, తిండి లోపమో, పురుగో ఉంటుంది. అదేమిటో తెలుసుకోకుండా సీసాలు మార్చుకుంటూ పోతున్నాం. నన్ను బాధపెడుతున్నది అదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 58.6 శాతం. రాష్ట్రానికి అన్నం పెట్టే జిల్లాలున్న చోట ఈ లెక్క తగ్గకపోగా పెరిగింది.

హిమోగ్లోబిన్ చూసి ఊరుకుంటే సరిపోదు. ఒంట్లో ఐరన్ నిల్వ గాదెలో ధాన్యం లాంటిది. గాదె అడుగంటాకే వంటింట్లో కొరత కనబడుతుంది. ఆ నిల్వను చెప్పే పరీక్ష ఫెరిటిన్. ఐదేళ్లలోపు పిల్లల్లో అది లీటరుకు 12 మైక్రోగ్రాముల లోపుంటే నిల్వ ఖాళీ అయినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి అప్పుడు చేయిస్తే లోపం దాగిపోవచ్చు. బిడ్డ చిరాకు పడుతున్నా, చదువు మీద మనసు నిలపలేకపోతున్నా, చాటుగా మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తింటున్నా కొట్టకండి, పరీక్ష చేయించండి.

ఇక కారణాలు. మొదటిది కంచంలోనే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా అంతా వరి పండింది. మిల్లులొచ్చాక దంపుడు బియ్యం పోయి తెల్లన్నం మిగిలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిష్ పట్టిన 100 గ్రాముల బియ్యంలో ఐరన్ 0.65 మిల్లీగ్రాములు. అదే రాగుల్లో 4.6. నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలి. పెరుగన్నంతో సరిపెడితే ఎక్కడి నుంచి వస్తుంది? మొక్కల్లోని ఐరన్‌ను ఒళ్లు కొద్దిగానే పీల్చుకుంటుంది. పప్పులో నిమ్మరసం పిండినా, పక్కన చేప ముక్క ఉన్నా ఎక్కువ అందుతుంది. అన్నం తిన్న వెంటనే టీ ఇస్తే ఉన్నదీ పోతుంది.

గేదె పాలు బలమని రెండేళ్ల బిడ్డకు లీటరు పట్టించే తల్లులున్నారు. పాలలో ఐరన్ దాదాపు లేదు, పైగా పాలతో కడుపు నిండాక అన్నం దిగదు. ఏడాది నిండని పసికందుకు గేదె పాలు, ఆవు పాలు పడితే పేగుల్లో కంటికి కనబడని రక్తస్రావం కూడా జరగొచ్చు. నెలలు నిండక పుట్టిన పిల్లలు అసలే తక్కువ నిల్వతో పుడతారు.

చేలగట్ల మీద, తడినేల మీద చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల పాదాల్లోంచి కొంకి పురుగుల పిల్లలు ఒంట్లోకి చేరతాయి. పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. అందుకే ఏటా రెండుసార్లు బళ్లలో, అంగన్‌వాడీల్లో పురుగుల మందు అల్బెండజోల్ వేస్తున్నారు. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించకండి. రక్తం పోయే మరో దారి నెలసరి. పెద్దమనిషయిన పిల్లకు అది ఎక్కువగా అవుతుంటే సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

తిన్నా ఒంటపట్టని పిల్లలు కూడా ఉంటారు. ఈ బాధ గోదావరి వాళ్లకు కొత్త కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. పేగు పోషకాలను పీల్చుకోలేక రక్తం క్షీణించే జబ్బు అది. ఆయనే అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన నడిపించగా, 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఇవాళ బడిలో వారానికొకసారి ఇచ్చే గులాబీ, నీలం మాత్రల్లో ఐరన్‌తో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. మన ఊరి మనిషి చేసి పెట్టిన మందును మన పిల్లలు కిటికీలోంచి పారేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మరో సంగతి. తలసేమియా అనే వంశపారంపర్య రక్త లోపపు లక్షణం ఉన్న పిల్లల్లో కూడా రక్తకణాలు చిన్నగానే కనబడతాయి. వాళ్లకు ఐరన్ నిల్వ సరిగ్గానే ఉండొచ్చు, అప్పుడు ఐరన్ పట్టిస్తే ఉపయోగం లేదు. రంపచోడవరం ఏజెన్సీ పిల్లల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు సంగతి కూడా చూడాలి.

డాక్టరు చెప్పిన మోతాదులో ఐరన్ ఇవ్వండి, పాలతో కలిపి మాత్రం వద్దు. మలం నల్లగా వస్తే భయపడి మానేయకండి. సీసా పసిపిల్లలకు అందకుండా పెట్టండి, ఒకేసారి ఎక్కువ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే సీసా మార్చమని అడగొద్దు, కారణం వెతకమని అడగండి. పెరిగితే, అది మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండేదాకా ఇంకో రెండు మూడు నెలలు డాక్టరు చెప్పినట్టు మందు కొనసాగించండి.