ఖాకీ కోరే బిడ్డకు ఇంటివారి మాట

కానిస్టేబులు ఉద్యోగాలకు ప్రకటన వెలువడిందంటే చాలు, బందరు కాలువ గట్టు మీదా, ఊరి హైస్కూలు ఆవరణలోనూ తెల్లవారకముందే పరుగుల చప్పుడు వినిపిస్తుంది. కౌలు రైతు కొడుకూ, కూలి చేసి చదివించిన తల్లి బిడ్డా పక్కపక్కనే పరుగెడతారు. మన యౌవనస్థులను ఈ ఉద్యోగం వైపు నడిపిస్తున్నదేమిటి? వెనక్కు లాగుతున్నదేమిటి?

నడిపించేవి అందరికీ తెలిసినవే. ఇంటర్మీడియట్ చదువు చాలు. 2022 ప్రకటనలో జీతపు స్కేలు 25,220 రూపాయలతో మొదలైంది. వానకూ, ధరకూ భయపడే ఇంటికి నెలనెలా వచ్చే జీతం ఎంత ధైర్యమో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే డబ్బు ఒక్కటే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జనాన్ని ఒడ్డుకు చేర్చినవారిలో పోలీసులూ ఉన్నారు. అలాంటి సేవ చూసి యువహృదయం కదలడం సహజం. స్టేషను మెట్లెక్కడానికి జంకే పేదలకు తమవాడొకడు లోపల ఉండాలన్న ఆశ కూడా ఉంటుంది.

ఇక వెనక్కు లాగేవి. మొదటిది ఎదురుచూపు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబులు పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023 జనవరి 22న జరిగిన ప్రాథమిక పరీక్షకు నాలుగున్నర లక్షలమందికి పైగా హాజరయ్యారు. గట్టెక్కినవారు 95,208 మంది. ఎన్నికలు, కోర్టు కేసులు అడ్డువచ్చి దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు ఆఖరుకు గాని మొదలు కాలేదు. తుది పరీక్ష 2025 జూన్ 1న జరిగింది. ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. ఇంత కాలం బిడ్డను ఇంట ఉంచి పోషించడం ఎన్ని కుటుంబాలకు సాధ్యం?

రెండవది దేహశ్రమ. పురుషులు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. 2025 జనవరిలో మచిలీపట్నంలో ఆ పరుగులోనే ఒక యువకుడు కుప్పకూలి ప్రాణం విడిచాడు. మూడవది వేళాపాళా లేని పని. పోలీసులకు వారానికొక సెలవు అని మన రాష్ట్రంలో ప్రకటించింది 2019 జూన్‌లో! ఇంద్రకీలాద్రి మీద దసరా అయినా, మన క్రిస్మస్ ఆరాధన అయినా, మనకు పండుగ వేళ వారికి కాపలా వేళ. ఆడపిల్లల తల్లులు రాత్రి డ్యూటీ అనగానే వద్దనడం అందుకే.

అన్నిటికంటె బలమైనది నాలుగవది. అది మన ఇంటి మాట. “పోలీసా? లంచాల బ్రతుకు!” అని బిడ్డ ముందే తీసిపారేస్తాము. అదే పోలీసు సంబంధం పిల్లకు వస్తే, “జీతం సరే, పైన ఎంత వస్తుంది?” అని అడుగుతాము. ఈ రెండు మాటలూ విన్న బిడ్డ ఏమి నేర్చుకుంటాడు? మంచివాడు ఆ ఉద్యోగానికి పోకూడదనీ, పోయినవాడికి మంచితనం అక్కరలేదనీ గదా!

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సైనికులు కూడా వచ్చి, తామేమి చేయాలని అడిగినట్లు లూకా 3:14లో చదువుతాము. ఉద్యోగం మానుకోండని ఆయన చెప్పలేదు. జనాన్ని బెదిరించి దోచుకోవద్దన్నాడు, అబద్ధపు నిందలు మోపవద్దన్నాడు, వచ్చే జీతంతో తృప్తిగా ఉండమన్నాడు.

తల్లిదండ్రులారా, బిడ్డ పరుగు మొదలుపెట్టకముందే వైద్యునిచేత గుండె పరీక్ష చేయించండి. ఈ ఒక్క ఉద్యోగం మీదే ఆశ పెట్టుకోకుండా, ఎదురుచూసే కాలంలో చదువో, చేతిపనో సాగనివ్వండి. అన్నిటికి మించి, “నాయనా, నీ జీతంతోనే మన ఇల్లు గడుస్తుంది, పై రాబడి మాకు వద్దు” అని ఒక్క మాట చెప్పండి. ఖాకీ తొడిగే బిడ్డకు ఇంటినుండి అందవలసిన మొదటి బలం అదే.