పిల్లల పేకపోటీలలో ప్రక్కకట్ట యుండవచ్చునా?

సైడ్‌బోర్డు అనినంతనే మనకు భోజనపుగదిలో పళ్లెరములు, గిన్నెలు సర్దుకొను బల్లబీరువా జ్ఞప్తికి వచ్చును. మా నార్సింగిలో ఈ వేసవి సెలవులలో తల్లులకును పిల్లలకును వాదము పుట్టించిన సైడ్‌బోర్డు వేఱు. అది పేకాటకు సంబంధించినది.

మేజిక్ అను ఈ యాటను 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా గణితజ్ఞుడు వెలువరించెను. మన పేకాటవలె అందఱకును ఒకటే కట్ట గాదు. ఎవరి ముక్కలు వారు కొనుక్కొని, తక్కువలో తక్కువ 60 ముక్కలతో తమ కట్ట కూర్చుకొందురు. దానికి వెలుపల 15కు మించకుండ మఱికొన్ని ముక్కలు ఉంచుకొనవచ్చును. అదియే సైడ్‌బోర్డు; మనము ప్రక్కకట్ట యందము. మూడాటలలో రెండు గెలిచినవారిదే జయము. మొదటి యాట అసలు కట్టతోనే యాడవలెను. ఎదుటివాని బలమెందున్నదో తెలిసిన పిదప, తక్కిన యాటలకు ముందు ప్రక్కకట్టనుండి ముక్కలు మార్చుకొనవచ్చును. వేఱొకనితో పోటీ ఆరంభమైనప్పుడు కట్ట మరల మొదటి రూపమునకు రావలెను. యు-గి-ఓ అను ఆటలోను ఇట్టి యేర్పాటు కలదు. పోకెమాన్ పోటీలలో మాత్రము సరిగా 60 ముక్కలే, ప్రక్కకట్ట లేదు. కావున ఆటలు కల్పించినవారిలోనే రెండు మతములున్నవి.

మా వీథిలో సాఫ్ట్‌వేరు కొలువులు చేయు యువకులిద్దఱు పిల్లలకు మేజిక్ నేర్పి, ఆదివారపు పోటీలు పెట్టిరి. ప్రక్కకట్ట యుండవలెనని వారి పట్టు. “అరువది ముక్కలు కొనిపెట్టుటకే తలప్రాణము తోకకు వచ్చినది, ఇంకను పదునైదా?” అని తల్లుల మొఱ. మేమును తల్లుల పక్షమే వహించితిమి. ఏలయన, మా యింటివారి బడిలో చదువుకొను కావలివాని కుమారుడొకడు, తోడిపిల్లలు వలదని పడవేసిన ముక్కలతో కట్ట కూర్చుకొన్నాడు. ఆటలో దిట్ట. ప్రక్కకట్ట వచ్చినచో ధనవంతుల బిడ్డలదే పైచేయి యగునని మా భయము.

మా మాట చెల్లి ప్రక్కకట్ట లేకుండ తొలి పోటీ జరిగెను. ఆ బాలుడు ఒకని చేతిలో వరుసగా రెండాటలును ఓడెను. ఓదార్పబోగా, “వాడెట్ల ఆడుతడో నాకు ఎర్కైందమ్మా, గని మార్చనీకి నా తాన ఏం లేదు” అనెను. ఆ మాట మాకు గట్టిగా తగిలెను. వానికి మేలని తలచి మేము వాని ఉపాయమునే కట్టివేసితిమి.

భారతమున నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యము గోల్పోయెను. ఋతుపర్ణునివలన అక్షహృదయము నేర్చి, మరల ఆడి గెలిచెను. ఓటమి నేర్పినదానిని వినియోగించుకొన నొక యవకాశమిచ్చుటే ప్రక్కకట్ట ప్రయోజనము. అదే భారతమున దుర్యోధనుడు పందెమొడ్డగా శకుని పాచికలు వేసెను. ఒకరికై యొకరు ఆడుట తగదని ధర్మరాజు తలచియు ఆడెను. మార్పు దోషము గాదు, ముందు ఒప్పుకొనని మార్పు దోషము. అందుచేతనే పెద్ద పోటీలలో కట్టను, ప్రక్కకట్టను ముందుగా వ్రాసి యీయవలెను.

పేకలో నేర్పెక్కడిది, అంతయు అదృష్టమే గదా యందురేమో! సికింద్రాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యములో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో పడిన ముక్కలు జ్ఞప్తియందుంచుకొనుటకును, ఏది ఉంచుకొని ఏది విడుచుటో నిర్ణయించుటకును నేర్పు కావలెనని తీర్పు చెప్పెను. ఎంచి విడుచుటయే ప్రక్కకట్టకును ప్రాణము. పందెము మాట మాత్రము వేఱు: పందెము గట్టి ఆన్‌లైనులో రమ్మీ యాడుటను తెలంగాణ ప్రభుత్వము 2017లో నిషేధించినది. పిల్లల పోటీలలో పైసా పందెమైనను పనికిరాదు.

కావున మా మతమిది. ఆట క్రొత్తగా నేర్చు పసివాండ్రకు ప్రక్కకట్ట వలదు. కొంచెము పెద్దపిల్లలకు ఐదు ముక్కలు చాలును. అవి క్రొత్తగా కొనినవి కారాదు. ఇండ్లలో మిగిలిన ముక్కలన్నియు ఒక్కచోట చేర్చి, అందఱును అందులోనుండియే యేరుకొనవలెను. ఏరినవి ఆటకు ముందే నోటుబుక్కులో వ్రాయవలెను.

తల్లులు ఒప్పుకొనిరి. బిస్కట్ల డబ్బా యొకటి ముక్కలతో నిండెను. తరువాతి ఆదివారము ఆ బాలుడు అందులో ఐదేరుకొని, మొదటి యాట ఓడి, రెండవది గెలిచి, మూడవది కొంచెములో జాఱవిడిచెను. అయినను నవ్వుచు లేచి, ఆ ఐదింటిలో రెండు సరిగా ఏరుకొనలేదని తానే చెప్పెను. మీ వీథిలోను ఇట్టి పోటీలు జరుగుచున్నచో, వలదనుటకు ముందు అట్టి డబ్బా యొకటి పెట్టి చూడుడు.