లోప సంకేతం లక్షణమే, వ్యాధి కాదు: డీజిల్ లారీలలో విద్యుత్, కంప్యూటర్ లోపాల నిర్ధారణ

కంబైన్ హార్వెస్టర్‌తో కోసిన వరి ధాన్యంలో సాధారణంగా 20 నుండి 25 శాతం తేమ ఉంటుంది. దానిని 24 గంటలలోపు ఆరబెట్టనట్లయితే రాశి లోపల వేడి పుట్టి, గింజ రంగు మారి, మొలకశక్తి క్షీణిస్తుంది. అందుచేత పొలం నుండి కళ్లానికో, డ్రయర్‌కో తడి ధాన్యాన్ని చేరవేసే లారీ దారిలో ఆగిపోవడం రవాణా సమస్యగా మాత్రమే పరిగణించదగినది కాదు. అది కోత అనంతర నష్టానికి నాంది.

భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ఈ ప్రమాణాలకు లోబడి తయారైన లారీలలో ఇంధన సరఫరాను ఈసీయూ అనే కంప్యూటర్ నియంత్రిస్తుంది. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్-4 ప్రమాణాలు వర్తించడంతో ఇదే తరహా నియంత్రణ పొలంలోకి కూడా ప్రవేశించింది. లోపం ఏర్పడినప్పుడు ఈసీయూ ఒక లోప సంకేతాన్ని, అనగా ఫాల్ట్ కోడ్‌ను నమోదు చేసి హెచ్చరిక దీపాన్ని వెలిగిస్తుంది. ఆ సంకేతం పేర్కొన్న భాగాన్ని వెంటనే మార్చివేయడం పలుచోట్ల పరిపాటి అయింది. కొత్త సెన్సర్ బిగించినా దీపం మరల వెలగడానికి కారణం ఇదే.

సున్నం అధికంగా గల నేలలో లేత ఆకులు పాలిపోయినప్పుడు నేలలో ఇనుము లేదని మనం నిర్ణయించము. ఇనుము ఉన్నప్పటికీ మొక్కకు అందడం లేదని గ్రహించి కారణాన్ని అన్వేషిస్తాము. లోప సంకేతం విషయంలోనూ ఇదే దృష్టి అవసరం.

సంకేత నిర్మాణం

భారీ వాహనాలలోను, వ్యవసాయ యంత్రాలలోను ఎస్‌ఏఈ జె1939 ప్రమాణం విస్తృతంగా వాడుకలో ఉంది. ఇందులో ప్రతి సంకేతానికి రెండు ముఖ్య భాగాలుంటాయి. ఎస్‌పీఎన్ సంఖ్య ఏ కొలత లేదా ఏ భాగం అన్నది తెలుపుతుంది. ఉదాహరణకు 100 ఇంజిన్ ఆయిల్ పీడనాన్ని, 110 కూలెంట్ ఉష్ణోగ్రతను, 157 ఇంధన రైలు పీడనాన్ని సూచిస్తాయి. ఎఫ్‌ఎమ్‌ఐ సంఖ్య లోపం ఏ విధమైనదో తెలుపుతుంది. వీటిలో తరచుగా ఎదురయ్యేవి:

• 0, 15, 16: కొలత నమ్మదగినదే, విలువ ఉండవలసిన దానికంటె ఎక్కువ.
• 1, 17, 18: కొలత నమ్మదగినదే, విలువ ఉండవలసిన దానికంటె తక్కువ.
• 2: సమాచారం నిలకడగా లేదు.
• 3: వోల్టేజి ఎక్కువ. 4: వోల్టేజి తక్కువ.
• 5: విద్యుత్ ప్రవాహం తక్కువ, లేదా తీగ తెగింది.
• 9: సమాచారం సకాలంలో అందడం లేదు.

లారీ శక్తి కోల్పోయి 157 సంకేతం కనిపించిందనుకొందాం. దానితో ఎఫ్‌ఎమ్‌ఐ 18 ఉన్నట్లయితే రైలులో పీడనం నిజంగానే తగ్గింది. ఇంధన ఫిల్టర్ పూడిక, వాటర్ సెపరేటర్‌లో నీరు, పైపులోకి గాలి చొరబాటు మొదలైనవి పరిశీలించాలి. అదే 157తో ఎఫ్‌ఎమ్‌ఐ 3 లేదా 4 ఉంటే పీడనం సంగతి అటుంచి సెన్సర్, కనెక్టర్, తీగలను పరీక్షించాలి. మొదటి సంఖ్య ఒకటే అయినా చికిత్స పూర్తిగా వేరు. ఎఫ్‌ఎమ్‌ఐని చదవకుండా సెన్సర్ మార్చడం నేల పరీక్ష లేకుండా ఎరువు వేయడం వంటిది.

అయితే ఆయిల్ పీడనానికి సంబంధించి 100తో 1 కనిపించినా, ఎర్ర దీపం వెలిగినా ఇంజిన్‌ను వెంటనే ఆపవలసిందే. నిర్ధారణ ఆ తరువాతి పని.

ముందుగా బ్యాటరీ, ఎర్త్

సంబంధం లేని అనేక సంకేతాలు ఒకేసారి వచ్చినప్పుడు అన్ని భాగాలూ చెడిపోయాయని భావించరాదు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదానిని వెదకాలి. 24 వోల్టుల లారీలో పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీలు విశ్రాంతిలో సుమారు 25.2 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 27 నుండి 28.5 వోల్టులు చూపాలి. స్టార్టు చేసేటప్పుడు 19 వోల్టుల దిగువకు పడిపోతే బ్యాటరీలను, వాటి టెర్మినళ్లను అనుమానించాలి. స్టార్టు చేస్తూ బ్యాటరీ రుణ ధ్రువానికి, ఇంజిన్ బ్లాకుకు మధ్య కొలిచినప్పుడు 0.5 వోల్టు మించితే ఎర్త్ కలయికలో తుప్పు లేదా వదులు ఉన్నట్లే.

అనేక సెన్సర్లు 5 వోల్టుల సరఫరాను పంచుకొంటాయి. ఒకటి షార్టు అయితే మిగిలినవి కూడా తప్పుడు విలువలు చూపుతాయి. వాటి కనెక్టర్లను ఒక్కొక్కటిగా విడదీస్తూ పోతే, ఏది విడదీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అక్కడే లోపం ఉంది. ధాన్యం మోసే వాహనాలలో ఎలుకలు కొరికిన తీగలను ప్రత్యేకంగా వెదకాలి.

సెన్సరా, తీగా?

కూలెంట్ ఉష్ణోగ్రతను కొలిచే రెండు తీగల సెన్సర్‌కు సులభమైన పరీక్ష ఉంది. తాళం ఆపి, కనెక్టర్ తీసి, తిరిగి తాళం వేస్తే సంకేతం 110తో 3గా కనిపించాలి. కనెక్టర్‌లోని రెండు తీగలను చిన్న తీగతో కలిపితే 110తో 4గా మారాలి. ఇలా మారితే తీగలు, ఈసీయూ సక్రమంగా ఉన్నట్లు, లోపం సెన్సర్‌లోనిది. మారకపోతే లోపం తీగలలో వెదకాలి. మూడు తీగల పీడన సెన్సర్లకు ఈ విధంగా తీగలు కలపరాదు.

ఎఫ్‌ఎమ్‌ఐ 9 వచ్చినప్పుడు కంప్యూటర్లను కలిపే క్యాన్ తీగలను చూడాలి. బ్యాటరీ సంబంధం తొలగించి, 9 పిన్నుల పరీక్షా కనెక్టర్‌లో సి, డి పిన్నుల మధ్య నిరోధాన్ని కొలవాలి. రెండు చివరల 120 ఓమ్‌ల నిరోధకాలు సమాంతరంగా ఉన్నందున 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్లు, సున్నాకు దగ్గరగా వస్తే తీగలు ఒకదానికొకటి తగిలినట్లు.

యూరియా ద్రావణం: మన బాధ్యత

భారత్ స్టేజ్-6 భారీ లారీలలో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి 32.5 శాతం యూరియా గల డీఈఎఫ్ ద్రావణాన్ని వాడతారు. దీనిని ఎరువుల యూరియాతో ఇంట్లో తయారుచేయవచ్చా అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం కూడదనే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు యూరియాలో బైయూరెట్‌ను 1.5 శాతం వరకు అనుమతిస్తుంది. దానితో 32.5 శాతం ద్రావణం చేస్తే బైయూరెట్ సుమారు 0.49 శాతానికి చేరవచ్చు; ఐఎస్‌ఓ 22241 ప్రమాణం ప్రకారం గరిష్ఠ పరిమితి 0.3 శాతం మాత్రమే. దీనికి తోడు వేపనూనె పూత, బోరు నీటిలోని లవణాలు ఉత్ప్రేరకాన్ని, ఇంజెక్టర్‌ను పాడుచేస్తాయి. ట్యాంకులోని సెన్సర్ సాధారణంగా గాఢతను మాత్రమే కొలుస్తుంది కనుక సంకేతం రాకపోయినంత మాత్రాన ద్రావణం శుద్ధమైనదని కాదు. సబ్సిడీ యూరియాను వ్యవసాయేతర అవసరాలకు మళ్లించడం చట్టవిరుద్ధమని కూడా రైతులకు తెలియజెప్పాలి.

జాగ్రత్తలు

రైలు పీడనం 1600 బార్‌లను మించగలదు; ఇంజిన్ నడుస్తుండగా ఇంధన పైపులను వదులు చేయరాదు. వెల్డింగుకు ముందు బ్యాటరీని, ఈసీయూ కనెక్టర్లను విడదీయాలి. సంకేతాలను వ్రాసుకొనకుండా చెరిపివేయరాదు. చెరిపివేస్తే లోపం పోదు, ఆధారం మాత్రమే పోతుంది.

ముగింపు

సంకేతాన్ని పూర్తిగా చదవడం, బ్యాటరీని, ఎర్త్‌ను పరీక్షించడం, తీగలను చూడడం, చివరకు భాగాన్ని మార్చడం అనే క్రమాన్ని పాటిస్తే అనవసర వ్యయం తగ్గుతుంది. ఇందుకు మల్టీమీటర్, సంకేతాలను చదివే పరికరం చాలు. యంత్రాల అద్దె కేంద్రాల నిర్వాహకులకు, లారీ డ్రైవర్లకు కోతల కాలానికి ముందే ఈ క్రమంలో ఒక రోజు శిక్షణ ఇవ్వడం విస్తరణ కార్యక్రమాలలో భాగం కావాలి. తడి ధాన్యం లారీలో ఉన్నప్పుడు నేర్చుకొనే వ్యవధి ఉండదు.